పప్పు మాన్పించాం, నీళ్లు మరిచాం

సింగరేణి బొగ్గు గనులున్న గోదావరిఖనిలో కుంటుతూ డ్యూటీకొచ్చే మనిషిని చూస్తే మనకు ముందు పుట్టేది జాలి కాదు, నవ్వు. "ఏమన్నా, ఆదివారం బోటి మస్తు పడ్డట్టుంది!" అంటాం. ఆయనా నవ్వుతాడు. నవ్వకపోతే ఇంకో నాలుగు మాటలు పడాల్సి వస్తుందని ఆయనకు తెలుసు. ల్యాంప్ రూం ముందర కూర్చుని కుడికాలికి బూటు తొడుక్కుంటాడు. ఎడమకాలు దగ్గరికి వచ్చేసరికి పళ్లు బిగబడతాయి. బొటనవేలి మొదట్లో తోలు ఎర్రగా, నున్నగా బిగుసుకుపోయి ఉంటుంది. చెయ్యి దగ్గర పెడితే సెగ తెలుస్తుంది. రాత్రి దుప్పటి అంచు తగిలినా ఓర్వలేక కాలు మంచం బయటపెట్టి పడుకున్న మనిషి ఆయన. ముందు భాగంలో ఇనుప కప్పు ఉన్న బూటు ఆ వేలికి జాగా ఇవ్వదు. పక్కన బ్లేడుతో చీరి, సుతిలితాడు కట్టుకుని ఆ బూటుతోనే బాయి (గని) దిగినవాళ్లను కళ్లారా చూశాం. మస్టరు (హాజరు) పడింది కదా, అది చాలనుకున్నాం.

ఈ రాతలో ముద్దాయిలం మనమే. బాయి పని చేసినవాళ్లం, గేట్ మీటింగుల్లో మైకు పట్టినవాళ్లం, కరపత్రాలు రాసినవాళ్లం, సూదిమందు పొడిచినవాళ్లం, మందుల దుకాణం నడిపినవాళ్లం, చుట్టమొస్తే కోడిని కోసినవాళ్లం. యూరిక్ యాసిడ్ అనే మాట ఇవాళ ఖనిలో చిన్నపిల్లలకూ తెలుసు. మాట తెలిసినంతగా సంగతి తెలుసుకోలేదు. తెలిసిన కాస్తంత సంగతిని కూడా తలకిందులుగా వాడుకున్నాం.

మన ఒంట్లో కణాలు రోజూ చస్తుంటాయి, కొత్తవి పుడుతుంటాయి. వాటిలోని ప్యూరిన్లు విరిగి విరిగి చివరికి యూరిక్ యాసిడ్ అవుతాయి. ఒంట్లో తయారయ్యే యూరిక్ యాసిడ్‌లో ఇంచుమించు మూడింట రెండు వంతులు ఇలా సొంతంగా పుట్టేదే. మిగిలిన ఒక వంతు తిండి నుంచి వస్తుంది. చాలా జంతువుల్లో దీన్ని ఇంకా తేలిగ్గా కరిగే పదార్థంగా మార్చే యూరికేజ్ అనే ఎంజైమ్ ఉంటుంది. మనిషి పూర్వీకులు దాన్ని కోటి ఏళ్లకు పైగా కిందటే పోగొట్టుకున్నారు. అందుకే బయటికి పంపే బరువంతా ఎక్కువగా మూత్రపిండాల మీద, కొంత పేగుల మీద పడింది. రక్తంలో డెసిలీటరుకు 6.8 మిల్లీగ్రాములు దాటితే అది పూర్తిగా కరిగి ఉండలేదు. పాకం చల్లారినచోట చక్కెర గడ్డకట్టినట్టు, ఒంట్లో వేడి తక్కువగా ఉండే కొసల్లో, ముఖ్యంగా కాలి బొటనవేలి కీలులో స్ఫటికాలుగా పేరుకుంటుంది. ఏళ్ల తరబడి చప్పుడు లేకుండా పేరుకుని, ఒక రాత్రి ఉన్నట్టుండి మంట లేస్తుంది. డాక్టర్లు దాన్ని గౌట్ అంటారు.

తిండికి ఇందులో పాత్ర ఉంది. 2004లో అమెరికాలో హ్యోన్ చోయ్ బృందం 47 వేల మందికి పైగా మగవాళ్లను 12 ఏళ్లు గమనించి తేల్చిన లెక్కలు ఇప్పటికీ ప్రపంచమంతా చెప్పుకుంటుంది. రోజూ తినే మాంసం ఒక వడ్డన పెరిగితే గౌట్ వచ్చే ముప్పు 21 శాతం పెరిగింది. రోజుకో బీరు తాగితే ముప్పు 49 శాతం, అంతే మోతాదు ఘాటు మద్యానికి 15 శాతం పెరిగింది. పాలు, పెరుగు తీసుకునేవాళ్లలో ముప్పు తగ్గింది. ఇక మనం గుండె మీద చెయ్యేసుకుని చదవాల్సిన మాట ఒకటుంది. ప్యూరిన్లు ఉన్నాయని పేరుపడ్డ కాయధాన్యాలు, పాలకూర, పుట్టగొడుగుల వంటివి తిన్నవాళ్లలో ముప్పు పెరగలేదు.

మరి మనం ఏం చేశాం? రిపోర్టులో యూరిక్ యాసిడ్ 8 అని కనబడగానే మొదట మాన్పించింది పప్పు. ఆ తరవాత పాలకూర. తరవాత టమాట, గోంగూర, వంకాయ. "వాతం చేస్తది" అని పెరుగు. ఎవరు చెప్పారంటే ఎవరూ చెప్పలేదు, అందరం చెప్పాం. కాలనీ పార్కులో పొద్దున నడిచేటప్పుడు ఒకరికొకరం చెప్పుకున్నాం. ఆ కుంటే మనిషి ఇల్లాలు ఆయన కోసం వేరే గిన్నె పెట్టి, పప్పు లేని చారు కాచి, మెతుకుల్లోకి మామిడికాయ తొక్కు వేసి పెట్టింది. వారం పొడుగూ ఆ నియమం. ఆదివారం వచ్చేసరికి "ఎన్ని రోజులని నోరు కట్టుకుంటడు పాపం" అని కిలో మటన్, పావుకిలో కార్జం. పప్పు మానడంతో బీదవాడి మాంసకృత్తులు పోయాయి, పెరుగు మానడంతో కాస్త కాపాడేదీ పోయింది. అసలు తగ్గించాల్సినవి కంచంలో అలాగే ఉన్నాయి. అయినా వేలు వాచితే, "పప్పు కూడా ముట్టుకుంటలేడు, అయినా తగ్గుతలేదు" అని మళ్లీ మనమే ఆశ్చర్యపోయాం.

మాంసం మీద మన ప్రేమను నేను తప్పుపట్టలేను. దాని వెనక ఆకలి ఉంది. ఇల్లెందు దగ్గర 1889లో బొగ్గు తవ్వకం మొదలైనప్పటి నుంచీ, 1960ల మొదట్లో గోదావరిఖని బాయిలు తెరుచుకున్నప్పటి నుంచీ, ఈ నేలకు వచ్చినవాళ్లు జొన్నగట్క కూడా కడుపునిండా దొరకని ఊళ్ల నుంచి వచ్చారు. తట్టా చెమ్మస్‌తో టబ్బులు నింపిన కోల్ ఫిల్లర్‌కు ఎంత తిన్నా అరిగేది. బొగ్గుధూళి మింగినవాడికి కార్జం తింటే రక్తం పడుతుందని, బొక్కల సూపు తాగితే నడుం గట్టిపడుతుందని ఆనాటి నమ్మకం. ఇనుము సంగతి చూస్తే కార్జం విషయంలో అది ఉత్త నమ్మకం కూడా కాదు. కానీ ఆ పని పోయింది. బొగ్గు ఎత్తే ఎస్‌డీఎల్ యంత్రాలు వచ్చాయి, లాంగ్‌వాల్ వచ్చింది. ఇవాళ సింగరేణి బొగ్గులో అత్యధిక భాగం ఓపెన్‌కాస్టుల్లోంచే వస్తోంది. డంపర్ సీట్లో ఎనిమిది గంటలు కూర్చునే కొడుకు, తట్ట మోసిన తండ్రి కంచంలోనే తింటున్నాడు. పొట్ట పెరిగింది, షుగరు, బీపీ వచ్చాయి. అధిక బరువు, ఇన్సులిన్ సరిగా పనిచేయకపోవడం ఉన్నచోట మూత్రపిండాలు యూరిక్ యాసిడ్‌ను బయటికి పంపడం తగ్గిస్తాయి. ఇది కూడా తిండి కథే, అయితే ఒక్క బోటితో ముగిసే కథ కాదు.

కార్జం, గుర్దె, బోటి వంటి లోపలి భాగాల్లో ప్యూరిన్లు ఎక్కువ. ఎండుచేపల్లో, ఎండురొయ్యల్లో కూడా ఎక్కువే. ప్యూరిన్లు నీళ్లలో దిగుతాయి కనక ముక్క పక్కనపెట్టి పులుసు జుర్రుకుంటే మేలేమీ లేదు. 2014 నాటి దేశవ్యాప్త సర్వేలో తెలంగాణలో నూటికి 98 మందికి పైగా మాంసాహారులని తేలితే గర్వంగా చెప్పుకున్నాం. మాంసం తినడం గర్వపడాల్సినదే. ఎవరేం తినాలో ఇంకెవరో శాసించే రోజుల్లో నేనా మాట మీద వెనక్కి తగ్గను. కానీ వారానికి ఎంత, ఏ భాగం, దాంతోపాటు ఏం తాగుతున్నాం అనే ప్రశ్నలు మనలో మనం వేసుకోవాల్సినవి. వేసుకోలేదు.

తాగుడు సంగతి వేరే రాయాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 ఏళ్లు దాటిన మగవాళ్లలో 43 శాతం మంది మద్యం తాగుతారు. మద్యం ఒంట్లో యూరిక్ యాసిడ్‌ను పుట్టిస్తుంది, పోయే దారిని కూడా అడ్డుకుంటుంది. బీరులో మద్యంతోపాటు ప్యూరిన్లు కూడా ఉంటాయి. కల్లు చెట్టు నుంచి దిగింది గనక మంచిదే అనుకుంటాం. పులిసిన కల్లులోనూ ఆల్కహాలు ఉంది, ఈస్టు ఉంది. తాగని పిల్లలకు, ఆడవాళ్లకు కూల్‌డ్రింకు తెప్పిస్తాం. తీపి కూల్‌డ్రింకులు రోజుకు రెండు, అంతకుమించి తాగే మగవాళ్లలో గౌట్ ముప్పు 85 శాతం ఎక్కువని 2008లో అదే చోయ్ బృందం చెప్పింది. వాటిలోని ఫ్రక్టోజ్‌ను కాలేయం ఖర్చుచేసే క్రమంలోనే యూరిక్ యాసిడ్ పుడుతుంది.

ఇప్పుడు మేం, అంటే యూనియన్లలో తిరిగినవాళ్లం, చెప్పుకోవాల్సింది ఉంది. దసరా ముందు లాభాల వాటా, దీపావళికి బోనస్ పడ్డప్పుడు బాయి బాయికీ దావత్‌లు పెట్టించింది మేమే. రిటైర్మెంటుకు దావత్, ప్రమోషన్‌కు దావత్, గుర్తింపు సంఘం ఎన్నికలొస్తే కాలనీ కాలనీకి దావత్. ముక్కా చుక్కా లేనిదే మీటింగుకు మనుషులు రారని మాలో మేమే తీర్మానించుకున్నాం. 1998 నుంచి రహస్య ఓటుతో ఎన్నికలు జరుగుతుంటే, ఒక కార్మికుడి ఓటు విలువను మేం పొయ్యి మీద పెట్టిన డేక్సా సైజుతో కొలిచాం. వద్దన్న మనిషి ప్లేట్లో కూడా బలవంతంగా వేశాం. "ఇయ్యాల్లొక్కరోజే, ఏం కాదు తీయే." మందు బిళ్ల మింగుతున్నానని చెప్పినవాడిని పదిమందిలో పిరికివాడిని చేశాం.

నీళ్ల సంగతి ఇంతకంటే ఘోరం. మే నెలలో రామగుండం ఎండ గురించి కొత్తగా చెప్పక్కర్లేదు, 45 డిగ్రీలు దాటడం మామూలు. ఓపెన్‌కాస్టు అడుగున ఆ వేడి నల్లటి బొగ్గు మీద పడి మొహానికి కొడుతుంది. భూగర్భంలో గాలి ఆడని చోట బనియను పిండితే చెమట కారుతుంది. చెమటగా పోయిన నీళ్లు మళ్లీ ఒంట్లోకి చేరకపోతే మూత్రం చిక్కబడుతుంది, యూరిక్ యాసిడ్ లోపలే నిలుస్తుంది. కీళ్లలో పేరుకోవడమే కాదు, మూత్రపిండాల్లో రాళ్లు కూడా కడుతుంది. 1955 నాటి గనుల నియమావళి పనిలో ఉన్న ఒక్కో మనిషికి కనీసం 2 లీటర్ల తాగునీరు సమకూర్చాలంది. ఆ అంకె మాకు నోటికి వచ్చు. మా ఉపన్యాసాల్లో అది ఎన్నడూ వినపడలేదు. పని మధ్యలో మూత్రానికి పోయే వీలు లేక, దిగే ముందే నీళ్లు తాగడం మానుకునే అలవాటు మనలో ఎంతమందికి ఉందో ఒకరికొకరం అడుక్కోలేదు. ఎండాకాలం సల్ల ప్యాకెట్లు పంచితే పక్కన నిలబడి ఫొటోలు దిగాం. మిగతా కాలమంతా బాయిలో చెమట పట్టదన్నట్టు ఊరుకున్నాం.

మధ్య అమెరికాలో, ఎల్ సాల్వడార్, నికరాగువా చెరకు తోటల్లో షుగరు, బీపీ లేని యువ కోతగాళ్ల మూత్రపిండాలు వరసగా చెడిపోయాయి. ఎండలో విరామం లేని పని, ఒంట్లో నీరు ఇంకిపోవడం ముఖ్యమైన కారణాలుగా పరిశోధకులు అనుమానించారు. మూత్రంలో ఏర్పడే యూరిక్ యాసిడ్ స్ఫటికాల పాత్ర కూడా ఉందేమోనని వెతికారు. అక్కడ నీళ్లు, నీడ, విశ్రాంతి అనే మూడు మాటలు కార్మికుల ఆరోగ్య కార్యక్రమాలయ్యాయి. మనం 1981లో 56 రోజులు సమ్మె చేసినవాళ్లం. ప్రత్యేక తెలంగాణ కోసం 2011లో జరిగిన సకల జనుల సమ్మెలో బొగ్గు ఆపి రాష్ట్రం గుండెలదరగొట్టినవాళ్లం. అంత సత్తా ఉండి ఈ మూడు మాటలు మన గోడల మీద రాయలేకపోయాం.

నొప్పి లేచిన మనిషిని మనం ఎక్కడికి పంపాం? వీధి చివర డాక్టరు దగ్గరికి. డైక్లోఫెనాక్ ఒకటి, స్టెరాయిడ్ ఒకటి కలిపి పొడిస్తే సాయంత్రానికి కాలు దిగింది, నైట్ షిఫ్టు పోలేదు. "ఆయన చెయ్యి మంచిది" అని ప్రచారం చేసింది కూడా మనమే. ఏళ్ల తరబడి ఆ నొప్పి మందులు వాడితే మూత్రపిండాలు దెబ్బతినవచ్చు, అవి దెబ్బతింటే యూరిక్ యాసిడ్ ఇంకా పెరుగుతుంది. నొప్పి మధ్యలో రక్తపరీక్ష చేయిస్తే అంకె మామూలుగా రావచ్చు. నొప్పి తగ్గాక కొన్ని వారాలకు మళ్లీ చూడాలి. ఆ మాట తెలియక "రిపోర్టు నార్మల్" అని కాగితం చింపేసినవాళ్లు ఉన్నారు. యూరిక్ యాసిడ్‌ను తగ్గించే అల్లోప్యూరినాల్ మొదలుపెట్టిన తొలి నెలల్లో పాత స్ఫటికాలు కదిలి నొప్పి మళ్లీ లేవవచ్చు. అది ముందే చెప్పేవాళ్లు లేక, "ఈ గోలీ పడలేదు" అని ఆపేసినవాళ్లు అంతకంటే ఎక్కువ. అంకెను 6 కంటే కింద ఏళ్లపాటు నిలపాలి. బీపీకి వాడే హైడ్రోక్లోరోథయాజైడ్ వంటి కొన్ని మాత్రలు యూరిక్ యాసిడ్‌ను పెంచుతాయి. వాటిని సొంతంగా ఆపకుండా డాక్టర్‌తో మాట్లాడి మార్పించుకోవచ్చు. గౌట్ నొప్పి ఎన్నడూ రానివాళ్లకు, రిపోర్టులో అంకె కాస్త ఎక్కువున్నంత మాత్రాన మందు అక్కర్లేకపోవచ్చు. ఇవేవీ రహస్యాలు కావు. గేట్ మీటింగులో పది నిమిషాల్లో చెప్పగలిగిన మాటలు.

అన్నింటికంటే నోరు పెగలని విషయం ఇంకొకటి. మన బెల్టులో నొప్పికి రెండు ధరలున్నాయి. మస్టర్లు కావాల్సినన్నాళ్లు దాన్ని దాచాలి. సర్వీసు చివరికొచ్చి, ఇంట్లో చదువుకున్న కొడుకు ఖాళీగా ఉంటే, అదే నొప్పిని మెడికల్ బోర్డు ముందు చూపించాలి. అన్‌ఫిట్ అయితే పిల్లవాడికి ఉద్యోగం వస్తుందన్న ఆశ. ఈ ఆశను నేను ఎగతాళి చేయను. చుట్టూ వేరే ఉద్యోగాలు లేవు. కానీ దాచినప్పుడూ చూపించినప్పుడూ ఆ నొప్పికి వైద్యం జరగలేదు. కిడ్నీలు బాగా చెడ్డాక "ఇప్పుడైతే కేసు గట్టిగుంది" అని సంతోషంగా చెప్పుకున్న మాట ఈ చెవులతో విన్నాం. ఒక తండ్రి ఒళ్లు ఎంత పాడైతే ఇంటికి అంత మేలు అనుకునే చోటికి వచ్చి, అక్కడ కూడా మేం పైరవీలు చేశామే తప్ప ఆగి ఆలోచించలేదు. బోర్డుకు పోయే దారే లేని కాంట్రాక్టు కార్మికుడి కాలు గురించైతే మాట కూడా లేదు. ఒక్కరోజు నాగా పెడితే ఆ రోజు కూలి పోతుంది గనక అతడు కుంటుతూనే వస్తాడు.

మళ్లీ ఆ నవ్వు గురించి ఒక మాట. 2018లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన ఒక విశ్లేషణ 16 వేల మందికి పైగా అమెరికన్ల వివరాలు చూసింది. యూరిక్ యాసిడ్ మనిషికీ మనిషికీ ఎందుకు తేడాగా ఉంటుందన్న లెక్కలో ఏ ఒక్క తిండి పదార్థం వాటా కూడా ఒక శాతం దాటలేదు. పుట్టుకతో వచ్చిన జన్యువుల వాటా దాదాపు 24 శాతం. వాళ్లు ఐరోపా మూలాలవాళ్లు, మన అంకెలు వేరేగా ఉండవచ్చు. కానీ ఒకే డేక్సాలో తిన్న ఇద్దరిలో ఒకడి వేలు మాత్రమే ఎందుకు వాస్తుందో ఇక్కడ తెలుస్తుంది. యూరిక్ యాసిడ్ బాగా ఎక్కువున్నవాళ్లు తిండి మార్చుకుంటే ఒక మిల్లీగ్రాము, ఆ చుట్టుపక్కల తగ్గవచ్చు. అది చిన్నదేం కాదు. అయితే 9 ఉన్నవాడిని తిండి ఒక్కటే 6 కిందికి దించడం కష్టం, మందు కావాలి. ఆ మనిషి నాలుకకు లొంగి రోగం తెచ్చుకున్నాడని మనం తీర్పు చెప్పాం. ఆ తీర్పుకు జడిసి అతడు ఆసుపత్రికి పోలేదు.

ఇంట్లో ఆడవాళ్లను లెక్కలోకే తీసుకోలేదు. నెలసరి ఆగేదాకా ఈస్ట్రోజెన్ యూరిక్ యాసిడ్‌ను బయటికి పంపడంలో తోడ్పడుతుంది. ఆగాక వాళ్లలోనూ అంకె పెరుగుతుంది. యైటింక్లయిన్ కాలనీలోనో తిలక్‌నగర్‌లోనో మోకాలు పట్టుకుని మెట్లెక్కే అక్కను, వదినను "వయసు మీద పడ్డది" అని వదిలేశాం. మగవాడికి పత్యం వండి, మిగిలిన కూర తాను తిని, సొంత రక్తం ఒక్కసారైనా పరీక్షకు ఇవ్వని ఆడవాళ్ల సంఖ్య మన దగ్గర లేదు. ఎవరూ లెక్కపెట్టలేదు.

కిందటిసారి యాజమాన్యంతో జరిగే స్ట్రక్చర్డ్ సమావేశానికి మా సంఘం ఆఫీసులో డిమాండ్ల చిత్తు రాస్తుంటే, కొత్తగా ఉద్యోగంలోకి వచ్చిన పిల్లవాడొకడు రెండు లైన్లు చేర్చమన్నాడు. షిఫ్టు మధ్యలో ప్రతి పనిచోటికీ మంచినీళ్లు చేరాలన్నది ఒకటి. కొన్నేళ్లకోసారి జరిగే ఆరోగ్య పరీక్షలో మూత్రపిండాల పనితీరు చెప్పే క్రియాటినిన్, యూరిక్ యాసిడ్ అంకెలు కార్మికుడి చేతికి రాసిచ్చి, వాటి అర్థం తెలుగులో చెప్పాలన్నది రెండోది. బల్ల చుట్టూ ఉన్న పెద్దలం ఎవరమూ వద్దనలేదు. "మంచిదే తమ్మీ, చివర్ల పెడదాం" అన్నాం. ఇళ్ల స్థలాలు, ఆదాయపు పన్ను, అలవెన్సులు, పేరు మార్పు కేసులు రాసేసరికి కాగితం నిండింది. టైపుకు పంపే ముందు ఆ రెండు లైన్లు కొట్టేసింది మా పెన్నే.